కండ కరిగినా హక్కు కరగదు

పిల్లవాడు ఆలస్యంగా నడిస్తే మన ఇళ్ళలో ఎవరూ పెద్దగా కంగారుపడరు. "వాళ్ళ నాన్నా అంతే, రెండో యేడు దాటిందాకా గోడ వదిలిపెట్టలేదు" అంటుంది నాయనమ్మ. అస్తమానం పడిపోతూంటే దిష్టి తీస్తారు. మెట్లు ఎక్కటానికి పేచీ పెడితే బద్ధకం అంటారు. పిక్కలు బలిసి కనిపిస్తే, "అబ్బో, వీడు పహిల్వాను అవుతాడర్రా!" అని మురిసిపోతారు కూడా. విడివిడిగా చూస్తే ఈ నాలుగూ చిన్న సంగతులే. నాలుగూ ఒక్క పిల్లవాడిలోనే కలిసి కనిపిస్తే మాత్రం దిష్టితో సరిపెట్టుకోక, ఆ పిల్లవాణ్ణి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళటం మంచిది. బలిసినట్లు కనిపించే ఆ పిక్కలలో వున్నది కండ కాకపోవచ్చు; కండ కరిగిపోగా దాని చోటులో చేరిన కొవ్వు కావచ్చు.

ఇంట్లోనే చేసి చూడదగిన పరీక్ష ఒకటి వున్నది. పిల్లవాణ్ణి నేల మీద కూచోబెట్టి, ఏ ఆసరా లేకుండా లేవమనండి. ఆరోగ్యంగా వున్న నాలుగైదేళ్ళ పిల్లవాడు చెంగున లేస్తాడు. ఈ జబ్బు వున్న పిల్లవాడు ముందు బోర్లా తిరిగి, చేతులూ కాళ్ళూ నేలకు ఆనించి, తరువాత ఒక చెయ్యి మోకాలి మీదా రెండో చెయ్యి తొడ మీదా వేసుకుంటూ, తన కాళ్ళ మీద తానే నిచ్చెన ఎక్కినట్లు లేస్తాడు. లండనులో విలియం గవర్స్ అనే వైద్యుడు 1879లో దీన్ని వివరంగా వర్ణించాడు. నేటికీ వైద్యులు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఏమిటీ జబ్బు?

దీని పేరు మస్క్యులర్ డిస్ట్రోఫీ. తెలుగులో కండరాల క్షీణత అంటున్నాం. నిజానికి ఇది ఒక్క జబ్బు కాదు, ఒక కుటుంబం. ఆ కుటుంబంలో పిల్లలకు వచ్చే వాటిలో ఎక్కువగా కనిపించేదీ, ఉద్ధృతమైనదీ డుషెన్ రకం. ఫ్రాన్సు దేశపు వైద్యుడు డుషెన్ 1860 ప్రాంతాలలో దీన్ని లోతుగా పరిశీలించి లోకానికి చెప్పాడు గనుక ఆయన పేరు వచ్చింది. ఇది పుట్టిన మగపిల్లలలో సుమారు 3,500 నుంచి 5,000 మందికి ఒకరికి వస్తుంది. ఇదే తోవలో నడిచినా నెమ్మదిగా ముదిరే మరో రకాన్ని జర్మనీలో బెకర్ అనే ఆయన 1955లో వర్ణించాడు. తుంటినీ భుజాలనూ ముందుగా పట్టే రకం ఇంకొకటి వున్నది. అది ఆడవారికీ మగవారికీ సమంగా వస్తుంది, తరచు యౌవనంలో బయటపడుతుంది.

శరీరంలో జరిగేది ఇది. మన కండరాల కణాలకు లోపలి నుంచి పట్టు ఇచ్చే మాంసకృత్తు ఒకటి వున్నది, పేరు డిస్ట్రోఫిన్. తాటాకు పాకకు కట్టిన తాళ్ళ వంటిది అనుకోండి. తాళ్ళు లేని పాక గాలి వీచినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెదిరినట్లే, డిస్ట్రోఫిన్ లేని కండ కదిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. చిన్నతనంలో శరీరం ఎప్పటికప్పుడు మరమ్మతు చేసుకుంటుంది. మరమ్మతు శక్తి తరిగిన కొద్దీ కండ పోయి కొవ్వూ నారా మిగులుతాయి. ఈ మాంసకృత్తును తయారుచేయించే జన్యువును 1986, 87 సంవత్సరాలలో కనుగొన్నారు. మనిషిలో వున్న జన్యువులన్నిటిలోకీ ఇది అతి పెద్దది. 79 ముక్కలుగా వుంటుంది. అందుకే సెప్టెంబరు 7వ తేదీని, అంటే 7-9ని, డుషెన్ అవగాహన దినంగా పాటిస్తున్నారు.

డుషెన్ రకంలో రెండు నుంచి ఐదేళ్ళ లోపల లక్షణాలు కనిపిస్తాయి. మందు లేకపోతే పన్నెండేళ్ళు వచ్చేసరికి చాలామందికి నడక పోతుంది. తరువాత చేతులు, ఆపైన ఊపిరి పీల్చే కండరాలు, గుండె దెబ్బతింటాయి.

రక్తంలో సి.పి.కె. అనే పరీక్ష చేయిస్తే అనుమానం చాలావరకు తేలుతుంది. మామూలు మనుషులలో ఆ సంఖ్య వందలలో వుంటే, ఈ పిల్లలలో వేలల్లోకి పోతుంది. తరువాత జన్యు పరీక్షతో నిర్ధారణ చేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. కాలేయం జబ్బు చేసినప్పుడు పెరిగే ఎస్.జి.ఒ.టి., ఎస్.జి.పి.టి. అనేవి కండరాలు దెబ్బతిన్నా పెరుగుతాయి. అది చూసి కొందరు పిల్లలకు నెలల తరబడి కాలేయానికి మందులు వాడుతూ కాలయాపన చేయటం కద్దు. కామెర్లు లేని పిల్లవాడికి ఆ రెండూ పెరిగి, పైగా నడకలో తేడా వుంటే, "ఒకసారి సి.పి.కె. కూడా చూద్దామా డాక్టరుగారూ?" అని మనమే అడగవచ్చు.

తల్లి తప్పేమీ లేదు

ఈ జబ్బు బయటపడగానే మన కుటుంబాలలో మొదలయ్యే రెండవ కష్టం మాటల కష్టం. "మా వంశంలో ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చింది" అని కోడల్ని నిలదీస్తారు. వైద్యుడు "ఇది తల్లి ద్వారా సంక్రమిస్తుంది" అని ఒక్క ముక్క చెబితే చాలు, ఆ ఇల్లాలికి జీవితాంతం ఆ నింద తప్పదు. కనుక దీన్ని సరిగా తెలుసుకోవటం అవసరం.

డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద వున్నది. ఆడవారికి ఎక్స్‌లు రెండు. ఒకదానిలో లోపం వున్నా రెండవది ఆదుకుంటుంది. మగవారికి ఒక్కటే, అందులో లోపముంటే ఆదుకునేది లేదు. లోపమున్న ఎక్స్ ఒకటి కలిగి తాను ఆరోగ్యంగా వున్న స్త్రీని వాహకురాలు అంటారు. ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకూ జబ్బు రావటానికి సగం అవకాశం. ప్రతి కూతురూ వాహకురాలు కావటానికి సగం అవకాశం. కానైతే, ఈ పిల్లలలో మూడింట ఒక వంతు మందికి తల్లి జన్యువు నిక్షేపంగా వుంటుంది. ఆ మార్పు కొత్తగా ఏర్పడినదే. ఎవరి వంశమూ కారణం కాదు, ఎవరి పాపమూ కారణం కాదు. వాహకురాలైన తల్లి సంగతే తీసుకున్నా, ఏ తల్లీ తన జన్యువును తాను ఎంచుకొని పుట్టలేదు గదా!

"మేనరికం చేసుకున్నారు, అందుకే ఇట్లా అయింది" అనే మాట కూడా వినిపిస్తుంది. డుషెన్ రకానికి ఆ మాట వర్తించదు. తుంటినీ భుజాలనూ పట్టే రకాలలో చాలావాటికి మాత్రం వర్తిస్తుంది. వాటిలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తూ వుంటేనే బిడ్డకు జబ్బు వస్తుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి చుట్టరికంలో ఇద్దరూ ఒకే లోపాన్ని మోసే అవకాశం హెచ్చు. మేనమామకూ మేనబావకూ పిల్లనిచ్చే ఆచారం మనలో ఇంకా పూర్తిగా పోలేదు కనుక, ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వున్నప్పుడు పెళ్ళిమాటలకు ముందు జన్యు సలహాదారును సంప్రదించటం వివేకం.

ఆ పిల్లవాడి అక్కచెల్లెళ్ళ విషయం మరీ సున్నితమైనది. పెళ్ళి సంబంధాలు చెడతాయేమోనని ఇంట్లో జబ్బు సంగతి దాస్తారు. దాచితే అనుమానం పెరుగుతుంది, పరీక్ష చేయిస్తే సందేహం తీరుతుంది. ఆ పిల్ల వాహకురాలు కాదని తేలితే జీవితకాలపు బెంగ ఒక్కనాటితో పోతుంది. వాహకురాలని తేలినా పిల్లల విషయంలో ముందు జాగ్రత్త తీసుకోవచ్చు. ఆడో మగో చెప్పటం మన దేశంలో నేరమే గాని, ఇటువంటి వంశపారంపర్య జబ్బుల కోసం నమోదైన కేంద్రాలలో గర్భస్థ పరీక్ష చేయించుకోవటాన్ని 1994 నాటి చట్టమే అనుమతించింది. వాహకురాలైన స్త్రీ తన గుండెను కూడా అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలి.

మందు వున్నదా?

పూర్తిగా నయం చేసే మందు నేటికి లేదు. నూనె మర్దనతో కండ పట్టిస్తామనీ, పసరుతో నడిపిస్తామనీ చెప్పేవారి మాట నమ్మి పొలాలు అమ్ముకోవద్దని చెప్పటానికే ఈ వాక్యం ఇంత బల్లగుద్ది రాస్తున్నాను. కాని "మందు లేదు" అంటే "చేయదగినది ఏమీ లేదు" అని అర్థం కాదు.

డుషెన్ పిల్లలకు ప్రెడ్నిసొలోన్, డిఫ్లజకార్ట్ వంటి స్టీరాయిడ్ మందులు నడకను కొన్నేళ్ళ పాటు నిలుపుతాయి. వాటి దుష్ఫలితాలు వాటికి వున్నాయి, కనుక వైద్యుడి అదుపులోనే వాడాలి. ఒక్కసారిగా మానటం ప్రమాదం. కీళ్ళు బిగుసుకుపోకుండా రోజూ సాగదీసే వ్యాయామం చేయించాలి. కండ పెంచుదామని బరువులు ఎత్తించటం, గుంజీలు తీయించటం మాత్రం కీడు చేస్తుంది. యేటేటా గుండెకు పరీక్ష, ఊపిరికి పరీక్ష చేయించాలి. ఏ కారణం చేతనైనా శస్త్రచికిత్స చేయవలసివస్తే మత్తు ఇచ్చే డాక్టరుకు జబ్బు సంగతి ముందే చెప్పాలి. సక్సినైల్‌కోలిన్ అనే మందు ఈ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. ఒకప్పుడు ఇరవై యేళ్ళకే ముగిసిపోయిన ఆయుర్దాయం, రాత్రిళ్ళు ఊపిరికి సాయపడే యంత్రం వల్లా గుండెకు ముందుగా ఇచ్చే మందుల వల్లా ముప్పై దాటి పోతున్నది.

జన్యు చికిత్స గురించి పత్రికలలో చదివే వుంటారు. 2023లో అమెరికా ప్రభుత్వం అటువంటి మందు ఒకదానికి అనుమతి ఇచ్చింది. 2025లో దాన్ని తీసుకున్న, నడక పోయిన ఇద్దరు కుర్రవాళ్ళు కాలేయం చెడి మరణించటంతో, నడవలేనివారికి ఇవ్వటం ఆపివేశారు. ఆశ వుంచుకోవాలి, ఇల్లు తాకట్టు పెట్టే ముందు మాత్రం నిపుణుణ్ణి అడగాలి. మన దేశంలో 2021 నాటి అరుదైన వ్యాధుల విధానంలో డుషెన్‌ను చేర్చారు. ఆ విధానం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రులలో హైదరాబాదులోని నిమ్స్ ఒకటి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో, ఈ జబ్బు వున్నవారే కలిసి 1992లో స్థాపించుకున్న సంఘం 'మానవ్ మందిర్' అనే కేంద్రాన్ని నడుపుతున్నది.

చట్టం ఏమంటున్నది?

వైద్యం దగ్గర ఆగిపోయిన చోట చట్టం చెయ్యి అందిస్తుంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి.

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. కండరాల క్షీణతకు అందులో విడిగా పేరు లేదు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికకు మన దేశం 2007లో కట్టుబడింది. దాని ఫలితమే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఇందులో వైకల్యాలు ఇరవై ఒకటి. మస్క్యులర్ డిస్ట్రోఫీ పేరు పెట్టి మరీ చేర్చబడింది. పాత చట్టంలో సంక్షేమం ప్రధానం. కొత్త చట్టంలో హక్కు ప్రధానం. ఈ తేడా గుర్తుంచుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

మొదట కావలసింది ధ్రువపత్రం. మన తెలుగునాట 'సదరం' అనే పేరుతో జనానికి పరిచయమైన ఈ పరీక్షలో వైద్యులు వైకల్యం ఎంత శాతమో నిర్ణయిస్తారు. ఇప్పుడు దేశమంతటికీ చెల్లే విశిష్ట గుర్తింపు కార్డు వచ్చింది. నలభై శాతమూ ఆపైనా వుంటే రిజర్వేషన్ల వంటి ప్రత్యేక సౌకర్యాలకు అర్హత వస్తుంది. ఇది ముదిరే జబ్బు. ఈ యేడు ముప్పై ఐదు శాతం అన్నది మూడేళ్ళకు అరవై కావచ్చు. కనుక మళ్ళీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవాలి. నిర్ణయం అన్యాయమనిపిస్తే అప్పీలు చేసుకునే వీలు కూడా చట్టంలోనే వున్నది.

రెండవది చదువు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు వయసుండి, నలభై శాతం పైన వైకల్యం వున్న ప్రతి బిడ్డకూ దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు వున్నది. "మా బడిలో లిఫ్టు లేదండీ, ఇంకెక్కడైనా చూసుకోండి" అని పంపించేసే హక్కు ప్రభుత్వ బడికే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడికీ లేదు. ఉన్నత విద్యలో, ప్రభుత్వ సంస్థలలోనూ ప్రభుత్వ సహాయం పొందే సంస్థలలోనూ, కనీసం ఐదు శాతం సీట్లు, వయోపరిమితిలో ఐదేళ్ళ సడలింపు ఇవ్వాలి. పరీక్షలలో రాయటానికి సహాయకుణ్ణి, అదనపు సమయాన్ని అడగవచ్చు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ సమయం గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకూడదు.

మూడవది ఉద్యోగం. ప్రభుత్వోద్యోగాలలో నాలుగు శాతం వికలాంగులకు కేటాయించాలి; అందులో కండరాల క్షీణత వున్నవారు చేరే వర్గానికి ఒక శాతం. ఉద్యోగంలో చేరిన తరువాత జబ్బు బయటపడితే? బెకర్ రకంలోనూ, తుంటిని పట్టే రకంలోనూ తరచు జరిగేది ఇదే. ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసివేయటానికి గాని, హోదా తగ్గించటానికి గాని వీలులేదు. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో చేయగలిగిన మరో పనికి మార్చాలి. అటువంటి పని ఖాళీ లేకపోతే అది దొరికేదాకా గాని, పదవీ విరమణ వయసు దాకా గాని అదనపు పోస్టు సృష్టించి అందులో వుంచాలి.

ఇక పింఛను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలు చేసింది. తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000 రూపాయలుగా నిర్ణయించింది. తెలంగాణలో 2023లో వికలాంగుల పింఛనును 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచారు.

వెసులుబాటు అంటే?

ఈ చట్టానికి ఆయువుపట్టు వంటి మాట ఒకటి వున్నది. దాన్ని తెలుగులో 'తగిన వెసులుబాటు' అనవచ్చు. ఎదుటివారి మీద మోయలేని భారం పడకుండా, ఒక మనిషి అందరితోపాటు తన హక్కును అనుభవించటానికి అవసరమైన సర్దుబాటు చేయటమని దాని భావం. దాన్ని నిరాకరించటం కూడా వివక్షే అవుతుందని చట్టం చెబుతున్నది.

మా డిగ్రీ తరగతిలో కొన్నేళ్ళ క్రితం తుంటి కండరాల జబ్బు వున్న అబ్బాయి ఒకడు వుండేవాడు. తెలుగు తరగతులు మేడ మీద. నలుగురు స్నేహితులు అతన్ని కుర్చీతో సహా ఎత్తుకొని పైకి తెచ్చేవారు. అది చూసి మేమంతా ఆ పిల్లల మంచితనాన్ని మెచ్చుకునేవాళ్ళం. ఒకనాడు అతను నాతో, "మాస్టారూ, వాళ్ళు దేవుళ్ళండీ. కాని వాళ్ళలో ఇద్దరు రాని రోజున నాకు పాఠం లేదు. మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా తాగను, కిందికి దింపమని మళ్ళీ అడగాలి గదా అని" అన్నాడు. ఆ సాయంత్రమే ప్రిన్సిపాలుగారితో మాట్లాడాం. మరునాటి నుంచి మా తరగతికీ కింద వున్న కామర్సు తరగతికీ గదులు మార్చారు. ఒక్క పైసా ఖర్చు కాలేదు; టైంటేబులు కాగితం ఒకటి తిరిగి రాశారంతే. జాలితో ఎత్తుకొని తేవటం ఎంత మంచిదైనా అది ఇతరుల దయ మీద ఆధారపడ్డది. గది మార్చటం అతని హక్కు మీద ఆధారపడ్డది.

న్యాయస్థానాలూ ఇదే మాట చెబుతున్నాయి. రాయటానికి సహాయకుణ్ణి ఇవ్వటానికి నలభై శాతం వైకల్యం వుండి తీరాలనటం సరికాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2024 అక్టోబరులో మరొక ముఖ్యమైన తీర్పు వచ్చింది. కండరాల క్షీణత వల్ల 88 శాతం వైకల్యం వున్న విద్యార్థి ఒకరు వైద్యవిద్య ప్రవేశపరీక్షలో నెగ్గారు. శాతం ఎక్కువని అనర్హుడన్నారు. వైకల్యం ఎంత అన్న లెక్కతో సరిపెట్టక, ఆ మనిషి తగిన సాధనాలతో ఏమి చేయగలడో చూడాలని చెప్పి సుప్రీంకోర్టు ఆయనకు ప్రవేశం ఇప్పించింది. 2025 జులైలో తమిళనాడుకు చెందిన కేసు ఒకటి తేలింది. బెకర్ రకం జబ్బు వున్న న్యాయవాది ఒకరు జైలులో కనీస సౌకర్యాలు లేక బాధపడ్డారు. ఆయనకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని ఖాయం చేస్తూ, జైళ్ళలో సైతం వికలాంగులకు తగిన ఏర్పాట్లు వుండాలని కోర్టు ఆదేశించింది. ఖైదీకే ఆ హక్కు వున్నప్పుడు, బడికి పోయే బిడ్డకు లేకుండా ఎట్లా పోతుంది?

హక్కు కాగితం మీదనే వుండిపోతే ఏం చెయ్యాలి? ప్రతి రాష్ట్రానికీ వికలాంగుల కమిషనర్ వుంటారు. వారికి ఫిర్యాదు రాయవచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తరువాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా వున్నది. నలుగురిలో కించపరచాలనే ఉద్దేశంతో వికలాంగుణ్ణి అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ జైలు. వకీలుకు డబ్బు లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు వున్నది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడిగితే చాలు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి కనుక చివరగా ఒక మాట. మన భాషలో ఈ మనుషులకు వున్న పాత పేర్లన్నీ శరీరాన్ని వేలెత్తి చూపేవే. ఇప్పుడు దివ్యాంగులనీ, విభిన్న ప్రతిభావంతులనీ గౌరవంగా పిలుస్తున్నాం, సంతోషమే. అయితే ఎంత గొప్ప పేరు పెట్టి పిలిచినా, గుమ్మం ముందు నాలుగు మెట్లు అట్లాగే వుంటే ఆ పిలుపు లోపలికి రమ్మన్నట్లు కాదు. మీ వీధిలో బడి వుంటుంది, బ్యాంకు వుంటుంది, గ్రంథాలయం వుంటుంది, కల్యాణ మండపం వుంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి, చక్రాల కుర్చీలో వచ్చిన పదేళ్ళ పిల్లవాడు ఎవరినీ బతిమాలకుండా లోపలికి రాగలడా అని. రాలేకపోతే, అక్కడి పెద్దలకు ఆ సంగతి చెప్పండి. ఒక వాలుబల్ల కట్టించటానికి పట్టేది నాలుగు బస్తాల సిమెంటూ, ఒక్క రోజు పనీను.